టింగ్ అంటే వస్తువా, పార్లమెంటా?

డెన్మార్క్ ఎన్నికల వార్తలు ఎప్పుడైనా చదివుంటే ఫోల్కెటింగ్ అన్న పేరు తగిలే ఉంటుంది, అది వాళ్ళ పార్లమెంటు, 179 మంది సభ్యులు. నార్వే వాళ్ళది స్టోర్టింగ్, 169 మంది. ఐస్‌లాండ్‌ది ఆల్థింగి. ఫారో దీవులదీ, ఫిన్లాండ్ కింద ఉన్నా స్వీడిష్ మాట్లాడే ఆలండ్ దీవులదీ ఇంచుమించు ఒకటే పేరు, లోగ్‌టింగ్, లాగ్‌టింగ్. సరే, టింగ్ అంటే సభ అయ్యుంటుందిలే అనుకుని వదిలేద్దామంటే, అదే డెన్మార్క్ మనిషి వంటింట్లో గరిట చూపించి అది కూడా టింగే అంటాడు, అటక మీద పడేసిన పాత సామాన్లు టింగే, మీతో ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడాలంటే ఆ సంగతి కూడా టింగే. ఇంగ్లీషులో మనం పొద్దస్తమానం వాడే థింగ్‌కి ఇది ఒట్టి చుట్టం కాదు, అచ్చంగా అదే మాట, రెండూ ఒకే తల్లి పిల్లలు.

మరి గరిటకీ పార్లమెంటుకీ ఒకే పేరు ఎలా వచ్చింది అన్నదే ప్రశ్న. నెట్‌లో చాలామంది దీనికి ఒక్క లైన్‌లో జవాబు చెప్పేసి వెళ్ళిపోతారు, వైకింగులు సభలో వస్తువుల గురించి మాట్లాడుకునేవాళ్ళు కాబట్టి అని. అది తల్లకిందులు. వస్తువు నుంచి సభ రాలేదు, సభ నుంచే వస్తువు వచ్చింది, మధ్యలో ఒక కోర్టు కేసు ఉంది.

ముందు గ్రామర్ సంగతి తేల్చేద్దాం, సగం గందరగోళం అక్కడే పోతుంది. డానిష్‌లో, నార్వేజియన్‌లో 'ఎన్ టింగ్' అంటే ఒక వస్తువు, 'ఎట్ టింగ్' అంటే ఒక సభ. ఎన్, ఎట్ రెండూ 'ఒక' అనే చెప్తాయి, కాకపోతే ఒక్కో నామవాచకానికి ఒక్కో లింగం, దాన్నిబట్టి ఇది మారుతుంది, ఎట్ వస్తే నపుంసకం. ఇంగ్లీషులో ముందు పెట్టే 'ది' ఈ భాషల్లో వెనక తగులుకుంటుంది, మన విభక్తుల్లాగా, అందుకని టింగెన్ అంటే ఆ వస్తువు, టింగెట్ అంటే ఆ సభ. కోపెన్‌హాగెన్ విలేకరి ఊరికే టింగెట్ అన్నాడంటే పార్లమెంటు గురించి చెప్తున్నాడు. స్వీడిష్‌లో ఈ తేడా లేదు, రెండూ ఎట్ టింగే. అసలు స్వీడన్ వాళ్ళు మామూలు మాటల్లో వస్తువుని టింగ్ అనడం కంటే సాక్ అనో గ్రేయ్ అనో అనడమే ఎక్కువ, టింగ్ కాస్త పుస్తకాల వాసన కొడుతుంది వాళ్ళకి, కానీ ఇంగెన్‌టింగ్ (ఏమీ లేదు), నోగొన్‌టింగ్ (ఏదో ఒకటి), ఆల్‌టింగ్ (అన్నీ) లాంటి మాటల్లో మాత్రం దర్జాగా కూర్చుని ఉంది. ఐస్‌లాండ్ ఇంకా విచిత్రం, అక్కడ థింగ్ అంటే ఇవాళ్టికీ ప్రధానంగా సభే, వస్తువుకి హ్లుతుర్ అని వేరే మాట ఉంది.

వెయ్యేళ్ళ కిందట స్కాండినేవియా అంతా మాట్లాడిన పాత నార్స్ భాషలో ఈ మాట నపుంసకమే. అంటే 'ఎట్' వైపు ఉన్నదే, సభ అన్న అర్థంతో ఉన్నదే, పాత కాపు అన్నమాట. 'ఎన్ టింగ్' తర్వాత విడిపోయి వేరు కాపురం పెట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే సభ కూడా మొదటి అర్థం కాదు. నాలుగో శతాబ్దంలో గోతిక్ భాషలోకి బైబిల్ అనువదించారు, జర్మానిక్ భాషల్లో మనకి దొరికిన పెద్ద రాతల్లో అదే పాతది, అందులో దీనికి దగ్గర చుట్టమైన మాట ఒకటి ఉంది, 'థీహ్స్', అర్థం సమయం. దీన్నిబట్టి భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది వేసిన లెక్క ఏంటంటే, మొదట ఈ మాటకి అర్థం పెట్టుకున్న వేళ, ముందే చెప్పుకున్న గడువు, తర్వాత ఆ వేళకి జనం కూడేది కాబట్టి ఆ కూడికకే ఆ పేరు అంటుకుంది. మూలం సాగదీయడం అనే అర్థమున్న పాత ఇండో-యూరోపియన్ ధాతువు అంటారు, సంస్కృతంలో అది 'తన్', మనం వాడే తంతువు, వితానం, సంతానం అన్నీ దాని పిల్లలే. ఈ చివరి ముడి మరీ గట్టిదని చెప్పను, ధాతువుల దగ్గరికి వెళ్ళాక ఎవరైనా ఊహ మీదే నడవాలి.

సమయం అన్న అర్థం ఎందుకు నప్పుతుందో టాసిటస్ రాసింది చదివితే తెలుస్తుంది. రోమన్ చరిత్రకారుడు, క్రీస్తు శకం 98 ప్రాంతంలో జర్మానిక్ తెగల గురించి రాశాడు, టింగ్ అన్న మాట వాడలేదు, లాటిన్‌లో రాశాడు కాబట్టి, కానీ వర్ణించింది దాన్నే. నెలవంక కనబడే రోజున గానీ పౌర్ణమికి గానీ కూడతారట. చెప్పిన టైముకి మాత్రం ఎవడూ రాడట, మేం స్వతంత్రులం ఒకడు పిలిస్తే పరిగెత్తుకురావాలా అన్న ధోరణి వల్ల జనం వచ్చేసరికి రెండో రోజు, మూడో రోజు కూడా దండగ అయిపోయేవంట. అందరూ ఆయుధాలతోనే కూర్చుంటారు, చెప్పిన మాట నచ్చకపోతే గొణుగుతారు, నచ్చితే ఈటెలు ఆడించి చప్పుడు చేస్తారు. ఆయుధాల చప్పుడుతో ఒప్పుకునే ఈ పద్ధతికి నార్స్‌లో వాప్నతాక్ అని పేరు, తర్వాత వైకింగులు ఇంగ్లాండ్ ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డాక యార్క్‌షైర్, లింకన్‌షైర్‌లలో తాలూకా లాంటి విభాగాన్ని వాపెన్‌టేక్ అన్నారు, అది ఈ చప్పుడు పేరే.

టింగ్ అన్న మాట రాతలో కనబడే తొలి చోట్లలో ఒకటి స్కాండినేవియాలో లేదు, ఉత్తర ఇంగ్లాండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర ఉంది. హౌస్‌స్టెడ్స్ అనే రోమన్ కోట ఉన్న చోట 1883లో ఒక రాయి బయటపడింది, మూడో శతాబ్దంది, రోమన్ సైన్యంలో పని చేసిన జర్మానిక్ సిపాయిలు వేయించింది. మార్స్ థింక్సస్ అనే దేవుడికి మొక్కుతూ రాయించారు, మార్స్ రోమన్ల యుద్ధ దేవుడు, ఇక్కడ సభ దేవుడైన మార్స్ అన్నమాట. ఈ దేవుడు నార్స్ వాళ్ళ టీర్ దేవుడే అని పండితుల్లో చాలామంది ఒప్పుకుంటారు, జర్మన్‌లో మంగళవారాన్ని డీన్స్‌టాగ్ అనడం, డచ్‌లో డిన్స్‌డాగ్ అనడం కూడా ఈ థింక్సస్ వల్లే అంటారు. తమాషా ఏంటంటే టింగ్‌ని నెత్తిన పెట్టుకు తిరిగే స్కాండినేవియన్ భాషల్లో మంగళవారానికి టింగ్‌తో సంబంధం లేదు, నేరుగా టీర్ పేరు మీదే తీర్స్‌డాగ్, టీస్‌డాగ్ అంటారు.

ఇప్పుడు అసలు టింగ్‌లో ఏం జరిగేదో చూద్దాం. అన్నిటికంటే వివరంగా తెలిసింది ఐస్‌లాండ్‌దే, ఎందుకంటే వాళ్ళు రాసిపెట్టుకున్నారు. 930 ప్రాంతంలో థింగ్‌వెల్లిర్ అనే మైదానంలో ఆల్థింగి మొదలైంది, భూమి పలకలు విడిపోతున్న చోటు అది, ఒక పక్క నిలువుగా నల్లరాతి గోడ, ఆ గోడ దగ్గరే లోగ్‌బెర్గ్, చట్టాల బండ. ఏటా ఎండాకాలంలో రెండు వారాలు. దేశం నలుమూలల నుంచి గుర్రాల మీద వచ్చేవాళ్ళు, రాయీ మట్టిగడ్డలూ పేర్చి కట్టిన గోడల మీద గుడ్డ కప్పు లాక్కుని ఉండేవాళ్ళు. రాజు లేడు. ఉన్న ఏకైక అధికారి లోగ్‌సోగుమాదుర్, చట్టం చెప్పేవాడు, అతని పని చట్టాన్ని నోటితో జనానికి వినిపించడం, మొత్తం చట్టంలో ఏడాదికి మూడో వంతు చొప్పున మూడేళ్ళలో పూర్తి చెయ్యాలి. 1117-18 చలికాలంలో చట్టాన్ని తోలు మీద రాయడం మొదలుపెట్టేదాకా, అంటే దాదాపు రెండు శతాబ్దాలు, ఐస్‌లాండ్ చట్టం ఉన్న చోటు ఒక మనిషి తలకాయ.

దీన్ని చూసి వైకింగుల ప్రజాస్వామ్యం, ప్రపంచంలో మొదటి పార్లమెంటు అని తెగ మురిసిపోతుంటారు, నాకది సగమే ఒప్పుకోబుద్ధేస్తుంది. మాట చెల్లేది స్వతంత్రులైన మగవాళ్ళకి, బానిసలకి లేదు, ఆడవాళ్ళకి ఓటు లేదు, ఐస్‌లాండ్‌లో అయితే చట్టం మార్చే ఓటు గోదీలనే కొద్దిమంది పెద్దల చేతిలోనే ఉండేది. పైగా టింగ్‌లో రోజువారీ పని చట్టాలు చెయ్యడం కాదు, తగువులు తీర్చడం. ఎవడి గొర్రెలు ఎవడి బీడులో మేశాయి, ఎవడు ఎవణ్ణి చంపాడు, దానికి ఎంత కట్టాలి, ఇవీ కేసులు. నార్వేలో తీర్పరులు కూర్చునే చోటు చుట్టూ హేజెల్ కర్రలు పాతి తాడు కట్టేవాళ్ళు, ఆ తాళ్ళకి పవిత్ర బంధాలు అని పేరు, లోపలికి వెళ్ళి గొడవ చెయ్యడం పెద్ద నేరం. తీర్పు అయితే వచ్చేది కానీ దాన్ని అమలు చెయ్యడానికి పోలీసులు లేరు, గెలిచినవాడే వెళ్ళి వసూలు చేసుకోవాలి, బలం లేనివాడు గెలిచినా ఓడినట్టే. ఓడినవాడికి పడే పెద్ద శిక్ష వెలి. మూడేళ్ళ వెలి ఒకటి, పూర్తి వెలి ఒకటి, రెండోది పడితే ఎవడైనా చంపెయ్యొచ్చు, అడిగేవాడు ఉండడు. ఎర్ర ఎరిక్ అనే వైకింగ్ గురించి చదివుంటాం కదా, అతనికి 982 ప్రాంతంలో థోర్స్‌నెస్ టింగ్‌లో పడింది మూడేళ్ళ వెలి, ఆ మూడేళ్ళు ఎక్కడ గడపాలా అని పడమటికి పడవ తిప్పి గ్రీన్‌లాండ్ తీరం చూసొచ్చాడు, జనం వస్తారని దానికి ఆ పచ్చని పేరు పెట్టిందీ అతనే. ఒక లోకల్ కోర్టు తీర్పు వల్ల ఒక దేశానికి వలస మొదలైంది.

రాజులున్న చోట కూడా టింగ్ అంత తేలిగ్గా లొంగేది కాదని చెప్పుకునే కథ ఒకటి స్వీడన్‌ది. స్నోరి స్టుర్లుసన్ 13వ శతాబ్దంలో రాశాడు, ఆయన రెండుసార్లు ఆల్థింగి చట్టం చెప్పేవాడుగా చేసిన మనిషి. 1018 ప్రాంతంలో ఉప్సాలా టింగ్‌లో ఓలోఫ్ రాజు నార్వేతో సంధి చేసుకోనని మొండికేస్తే, థోర్గ్‌నీ అనే ముసలి చట్టం చెప్పేవాడు లేచాడు, ఆయనతో పాటు రైతులందరూ లేచారు. మా మాట వినకపోతే నీ మీద పడి చంపేస్తాం, మా పూర్వీకులు ఇలాగే పొగరెక్కిన రాజుల్ని ఐదుగుర్ని ఒకే బావిలో ముంచేశారు అన్నాడంట, జనం ఆయుధాలు గలగలలాడించారంట, రాజు దిగొచ్చాడు. చరిత్రకారులు ఇది ఇలాగే జరిగిందని నమ్మరు. స్నోరి తన కాలంలో రాజు పెత్తనం పెరగడం చూసి అక్కసుతో రాసుంటాడని కొందరి అభిప్రాయం, నాకూ అలాగే అనిపిస్తుంది, కానీ టింగ్ అంటే జనం ఏం అనుకునేవాళ్ళో మాత్రం అందులో బాగా తెలుస్తుంది.

ఇక సభ నుంచి గరిట దాకా ఎలా వచ్చిందో చూద్దాం. టింగ్‌లో కేసు నడుస్తుంది, కొంతకాలానికి ఆ కేసునే టింగ్ అన్నారు, నా టింగ్ ఏమైంది, నీ టింగ్ ఎప్పుడు అన్నట్టు. కేసు అంటే ఒక వ్యవహారం, దాంతో కోర్టు దాకా పోని మామూలు వ్యవహారం కూడా టింగ్ అయింది. వ్యవహారం అన్నాక ఏదో ఒక దాని గురించే కదా, ఆవో పొలమో గొడ్డలో, చివరికి ఆ ఆవూ పొలమూ గొడ్డలీ టింగ్ అయ్యాయి, ఇక అక్కడి నుంచి పేరు తెలియని ప్రతిదీ టింగే. ప్రతి అడుగూ చిన్నదే, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితేనే విడ్డూరం. మన రచ్చ చూడండి, ఊరి జనం కూడి తగువులు తీర్చుకునే చోటు అది, రచ్చబండ అన్నా ఇంట గెలిచి రచ్చ గెలవాలి అన్నా ఆ పాత అర్థమే, ఇప్పుడు రచ్చ రచ్చ చేశాడు అంటే చోటు పోయి గొడవ మిగిలింది. టింగ్ ఇంకో రెండు మెట్లు దిగింది, గొడవ కూడా పోయి గొడవ పడ్డ వస్తువు మిగిలింది.

ఇది ఏదో ఒక్క మాటకి పట్టిన వింత కాదనడానికి గట్టి సాక్ష్యం పైన చెప్పిన సాక్. స్వీడన్ వాళ్ళు వస్తువుకి రోజూ వాడే ఈ మాట కూడా మొదట్లో కోర్టుదే, పాత నార్స్‌లో సోక్ అంటే అభియోగం, దావా, నార్వేలో ఇవాళ్టికీ సాక్ అంటే కోర్టు కేసు కూడా. జర్మన్ జాఖె అదే దారిలో వెళ్ళింది, ఇంగ్లీష్ సేక్ కూడా ఒకప్పుడు తగువే. అటు లాటిన్ వైపు వెళ్తే కౌజా అంటే కారణం, కోర్టు దావా, అదే అరిగి అరిగి ఫ్రెంచ్‌లో షోజ్ అయింది, ఇటాలియన్‌లో కోజా అయింది, రెండిటికీ అర్థం వస్తువు. ఒకదానికొకటి సంబంధం లేని మూడు మూలాలు, మూడూ కోర్టు మెట్లు దిగి ఇంట్లో సామాను అయ్యాయి. యూరప్‌లో జనం ఎంత దావాలు వేసుకున్నారో ఏంటో.

కోర్టు వాసన ఇంకా పోని మాటలు కొన్ని పక్కన మిగిలాయి. డానిష్‌లో టింగె అంటే బేరమాడటం, బెటింగెల్సె అంటే షరతు, స్వీడిష్‌లో టింగా అంటే ముందే చెప్పి పెట్టుకోవడం, బుక్ చేసుకోవడం. అన్నిట్లోనూ రెండు పక్షాలు ఎదురెదురు కూర్చుని తేల్చుకోవడం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది టింగ్‌లూస్నింగ్. డెన్మార్క్‌లో, నార్వేలో ఇల్లు కొన్నవాళ్ళకి ఈ మాట (నార్వేలో టింగ్‌లూసింగ్) తప్పదు, అక్కడ సెటిలైన మనవాళ్ళు కూడా కాయితాల్లో చూసే ఉంటారు, మన భాషలో రిజిస్ట్రేషన్. విడగొడితే టింగ్‌లో చాటించడం. పూర్వం భూమి చేతులు మారితే ఆ సంగతి టింగ్‌లో అందరూ వినేలా చెప్పాలి, తర్వాత ఎవడూ నాకు తెలీదే అనడానికి వీల్లేకుండా. డెన్మార్క్‌లో ఈ పని చేసే కోర్టు హోబ్రో అనే చిన్న ఊళ్ళో ఉంది, 2009 నుంచి అంతా ఆన్‌లైన్, చాటింపు వేసేవాడు పోయాడు కానీ పేరు చాటింపుదే.

వైకింగులు వెళ్ళిన చోటల్లా ఈ మాట పడేసి వచ్చారు. స్కాట్లాండ్‌లో డింగ్‌వాల్, షెట్లాండ్‌లో టింగ్‌వాల్, లివర్‌పూల్ పక్కన విరల్‌లో థింగ్‌వాల్, ఇవన్నీ థింగ్‌వెల్లిర్ లాంటి పేర్లే, సభ మైదానం. బ్రిటన్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి పార్లమెంటు టిన్‌వాల్డ్ కూడా అంతే, అక్కడ ఇప్పటికీ ఏటా జులై 5న సెయింట్ జాన్స్ అనే ఊళ్ళో మెట్లుమెట్లుగా ఉన్న మట్టి దిబ్బ మీద కూర్చుని కొత్త చట్టాల సారాంశం ఆ దీవి భాష మ్యాంక్స్‌లో, ఇంగ్లీష్‌లో చదువుతారు, చట్టం పాసయ్యాక 18 నెలల్లో ఇలా ప్రకటించకపోతే అది చెల్లకుండా పోతుంది. ఫారో రాజధాని టోర్స్‌హావ్న్‌లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు పేరు టింగనెస్. ఉత్తరాన సామీ జాతివాళ్ళు కూడా ఈ మాటని అరువు తీసుకుని డిగ్గీ చేసుకున్నారు, 1989లో నార్వేలో మొదలైన వాళ్ళ పార్లమెంటు సామెడిగ్గీ.

మన దాకా వచ్చిన ముక్క ఒకటుంది. ఎన్నికలొస్తే మన ఇంగ్లీష్ పేపర్లు హస్టింగ్స్ అని రాస్తాయి చూడండి, అది హూస్‌థింగ్, ఇంటి సభ, అంటే నాయకుడు తన సొంత మనుషులతో పెట్టుకునే మీటింగ్. ఇంగ్లీషులో దీని తొలి దర్శనం భయంకరంగా ఉంటుంది. 1012 ఏప్రిల్‌లో గ్రీనిచ్ దగ్గర డేన్ల (డెన్మార్క్ వైకింగుల) సైన్యం కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆల్ఫెయాని తమ హస్టింగ్‌కి లాక్కెళ్ళి, తాగిన మత్తులో ఎద్దు బొమికలూ తలకాయలూ విసిరి చంపేశారని ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే పాత ఇంగ్లీష్ చరిత్ర గ్రంథంలో ఉంది. తర్వాత లండన్‌లో అది ఒక కోర్టు పేరైంది, ఆ పైన అక్కడి నగర సభాభవనం గిల్డ్‌హాల్‌లో కోర్టువాళ్ళు కూర్చునే అరుగు పేరు, ఆ పైన అభ్యర్థులు ఎక్కి మాట్లాడే వేదిక పేరు, 1872లో రహస్య ఓటింగ్ వచ్చాక వేదిక పోయి ప్రచారం మిగిలింది. వారెన్ హేస్టింగ్స్‌కీ దీనికీ సంబంధం లేదు, చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా.

ఇప్పుడున్న పార్లమెంటుల పేర్లు వెయ్యేళ్ళుగా అలా కొనసాగి వచ్చినవేం కాదు, ఇక్కడ కొంచెం జాగ్రత్త. రాజులు బలపడ్డాక టింగ్‌లు ఒట్టి కోర్టులుగా మిగిలాయి. ఆల్థింగి కూడా 1262-64లో నార్వే రాజు కిందికి వెళ్ళాక మెల్లగా చట్టం చేసే పని పోగొట్టుకుంది, 1564లో వచ్చిన కఠిన శాసనం తర్వాత థింగ్‌వెల్లిర్ మడుగులో ఆడవాళ్ళని ముంచి చంపిన శిక్షలు కూడా ఆ సభ మైదానంలోనే జరిగాయి, 1800లో పూర్తిగా రద్దయింది, మళ్ళీ 1845లో రేక్యవిక్‌లో లేచింది. మధ్యలో 45 ఏళ్ళు లేనే లేదు, అందుకే ప్రపంచంలో పాత పార్లమెంటు మాదంటే మాదని ఐస్‌లాండూ ఐల్ ఆఫ్ మ్యానూ ఇప్పటికీ పోటీ. 1814లో నార్వే రాజ్యాంగం రాసుకున్నప్పుడు స్టోర్టింగ్, పెద్ద సభ, అని పేరు పెట్టడం, 1849లో డెన్మార్క్ ఫోల్కెటింగ్ అనడం, రెండూ పాత రోజుల మీద మోజుతో కావాలని వెతికి తీసిన పేర్లు. నార్వేలో అప్పీలు కోర్టులకి గులాటింగ్, ఫ్రోస్టాటింగ్ అని మధ్యయుగాల టింగ్‌ల పేర్లు పెట్టుకోవడమూ ఆ మోజే. ఫోల్క్ అంటే జనం, ఫోల్కెటింగ్ అంటే మాటకి మాట లోక్‌సభే. దానికి పైన లాండ్స్‌టింగ్ అని ఎగువ సభ కూడా ఉండేది, 1953లో తీసేశారు.

స్వీడన్ మాత్రం పార్లమెంటుకి జర్మన్ వైపు నుంచి రీక్స్‌డాగ్ తెచ్చుకుంది, రాజ్య దినం అన్నట్టు, అక్కడ టింగ్ కోర్టు దగ్గరే ఆగిపోయింది, జిల్లా స్థాయి కోర్టుని టింగ్స్‌రెట్ అంటారు, 48 ఉన్నాయి. ఆసుపత్రులు నడిపే జిల్లా కౌన్సిళ్ళని కూడా లాండ్స్‌టింగ్ అనేవాళ్ళు, 2020 జనవరి 1 నుంచి చట్టంలో ఆ పేరు తీసేసి అన్నిటినీ రీజియన్ అన్నారు.